ఇంటి చదువు: చింతపిక్కల నుంచి కథల పుస్తకం దాకా

పిల్లలను బడిలో చేర్చకుండా, చదువు బాధ్యత తల్లిదండ్రులే తీసుకుని ఇంట్లో నేర్పించే పద్ధతిని హోమ్ స్కూలింగ్ అంటున్నారు. తెలుగులో ఇంటి చదువు అనుకోవచ్చు. ట్యూషన్ ఇందులోకి రాదు. బడి చెప్పిన పాఠాన్నే అది మళ్ళీ చెబుతుంది. ఆన్‌లైన్ తరగతి కూడా రాదు. పిల్లవాడు ఇంట్లో కూర్చున్నా టైమ్‌టేబుల్ బడిదే. ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి, ఎంతసేపు నేర్పాలి అన్న మూడు సంగతులూ ఇంటివాళ్ళే తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు అది ఇంటి చదువు అవుతుంది. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో పాఠ్యపుస్తకం కన్నా ఆటకు, చేతిపనికి, కబుర్లకు, కథలకు ఎక్కువ చోటు ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ ఐదేళ్ళనూ కలిపి పునాది దశ అంది. 2022 అక్టోబరులో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటను బోధనకు కేంద్రంగా పెట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్ళు, కథల కార్డులతో 'జాదుయీ పిటారా' అనే పెట్టె వచ్చింది. బడి కూడా, కనీసం కాగితం మీద, ఇంటి దారికే వస్తోందన్నమాట.

మొదలుపెట్టిన కొద్ది రోజులకే తల్లిదండ్రులకు ఒకటి తెలిసివస్తుంది. పాఠం చెప్పడం ఇందులో పెద్ద కష్టమేమీ కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస పట్టుకోవడం కష్టం. పిల్ల తడబడుతున్నప్పుడు అందుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం ఇంకా కష్టం. సామగ్రి సంగతంటారా, సగానికి పైగా వంటింట్లోనే ఉంటుంది.

చట్టం సంగతి

ఆరేళ్ళ లోపు పిల్లలను బడికి పంపి తీరాలన్న నియమం విద్యాహక్కు చట్టంలో లేదు. 2009లో ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని పదో సెక్షన్ చెబుతుంది. అలా చేర్పించని తల్లిదండ్రులకు ఏ శిక్షా చెప్పదు. ఇంటి చదువు అన్న మాటే అందులో లేదు. కాబట్టి ఆరేళ్ళు దాటాక ఇంట్లో చదివించే కుటుంబాలు, స్పష్టమైన నిషేధమూ స్పష్టమైన అనుమతీ లేని చోట ఉన్నట్టు. అదే చట్టం నాలుగో సెక్షన్ వీరికి పనికొస్తుంది: అప్పటిదాకా బడిలో లేని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతా పిల్లలను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పరీక్షలు రాయాలనుకుంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) మూడు, ఐదు, ఎనిమిదో తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలను నిర్వహిస్తోంది. అక్కడే పద్నాలుగేళ్ళు నిండాక పదో తరగతి పరీక్ష రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి.

ఇంటి చదువు గురించి మాట్లాడేటప్పుడు తెలుగు నేల మీది మరో అనుభవాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను పనుల నుంచి విడిపించి బడుల్లో చేర్చిన ఎం.వి. ఫౌండేషన్‌కు ఒక సూత్రం ఉంది: బడిలో లేని ప్రతి పిల్లనూ బాలకార్మికురాలి కిందే లెక్కవేయాలి. ఆ ఉద్యమాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 'పిల్ల ఇంట్లోనే ఉంటోంది' అన్న మాటకు ఆ ఊళ్ళలో అర్థం వేరు: తమ్ముణ్ణి ఎత్తుకుంటోందనో, పత్తి చేలోకి వెళుతోందనో, పెళ్ళికి ఎదురుచూస్తోందనో. బడి ఆ పిల్లకు అక్షరాలతో పాటు మధ్యాహ్న భోజనం పెడుతుంది, ఆమె పేరు ఒక రిజిస్టరులో ఉండేలా చూస్తుంది. పగటిపూట ఒక పెద్ద మనిషి పూర్తిగా పిల్ల కోసం అందుబాటులో ఉండగలిగిన ఇంటికే ఇంటి చదువు పనికొస్తుంది. ఒక జీతం తగ్గినా సంసారం గడవాలి, లేదా ఓపికున్న తాతయ్యో అమ్మమ్మో నానమ్మో తోడుండాలి. ఈ లెక్క తేలకుండా పుస్తకాలు, బొమ్మలు కొనడం దండగ.

వేలికి ముందు, కంటికి తర్వాత

చేతితో నేర్వడం అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. వీధిబడుల్లో పిల్లలు నేల మీద పరిచిన ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. ఇప్పటికీ బాసరలోనో, ఇంట్లో పూజగదిలోనో అక్షరాభ్యాసం చేసేటప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టుకుని రాయిస్తారు. విచిత్రమేమిటంటే, ఆ ఒక్క పూటా సరైన పద్ధతిలో మొదలైన చదువు మర్నాటికల్లా పెన్సిలు, నాలుగు గీతల కాపీ పుస్తకంలోకి దూకుతుంది. బియ్యం పళ్ళెం మళ్ళీ కనిపించదు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో పేద పిల్లల కోసం తెరిచిన 'పిల్లల ఇల్లు'లో గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడిమించేవారు. అక్షరం ఆకారం వేలికి అలవాటయ్యాకే పెన్సిలు. ఆమె 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, 1946 దాకా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకు చాలా ముందే న్యాయవాద వృత్తి వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ మొదలుపెట్టి, మాంటిస్సోరి పద్ధతిని గుజరాతీ కథలతో, ఆటలతో కలిపారు. పిల్లలతో ఆయన మెలిగే తీరు చూసి జనం 'మీసాల అమ్మ' అని పిలిచేవారు. ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా దొరుకుతుంది. ఇంటి చదువు తలపెట్టినవాళ్ళు ముందుగా చదవాల్సిన పుస్తకం అదే.

మాంటిస్సోరి సామగ్రిలో గమనించాల్సిన గుణం ఒకటుంది. తప్పు జరిగితే వస్తువే చెబుతుంది. వేర్వేరు లావుల గూటాలను వాటి గుంటల్లో పెట్టేటప్పుడు ఒకటి తప్పు గుంటలో పెడితే చివరిది మిగిలిపోతుంది. 'తప్పు' అని అమ్మ అనక్కర్లేదు. ఖరీదైన ఆ చెక్క సామగ్రి లేకపోయినా ఇదే గుణం ఇంటి వస్తువుల్లో వెతుక్కోవచ్చు. స్టీలు డబ్బాలకు మూతలు జతచేయడం, ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలను వరసగా సర్దడం, ఉతికిన బట్టల్లో సాక్సులకు జత వెతకడం, ఇవన్నీ ఆ కోవలోవే. మూత పట్టకపోతే పట్టలేదని పిల్లకు తెలుస్తుంది.

రాయడానికి ముందు వేళ్ళకు బలం రావాలి. వేరుశనగకాయలు ఒలవడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం, చపాతీ పిండి పిసకడం, పూలు గుచ్చడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు ఒలకకుండా పోయడం, ఇవి నాలుగేళ్ళ పిల్లకు పనులు కావు, ఆటలు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి పట్టుపట్టడం ఈ పనుల్లోనే వస్తుంది. బలపం పట్టాల్సినవి కూడా ఆ మూడు వేళ్ళే. పిల్ల పావుకిలో కాయలు ఒలవడానికి ముప్పావుగంట పడుతుంది, సగం గింజలు నోట్లోకి పోతాయి, వంట ఆలస్యమవుతుంది. ఓర్చుకోలేక అమ్మ చేట లాక్కుంటే ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయినట్టే.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చేసి చూపించిన ఒక చిన్న పరీక్ష ఏ వంటింట్లోనైనా చేయవచ్చు. ఒకేలా ఉన్న రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్లతో సమానమే అనిపించి, అందులో ఒక గ్లాసు నీళ్ళను ఆమె కళ్ళముందే పొడుగాటి సన్న గ్లాసులోకి ఒంపాలి. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి అని అడిగితే నాలుగైదేళ్ళ పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఏడేళ్ళ ప్రాంతంలో అదే పిల్ల 'ఒంపావు కదా, అవే నీళ్ళు' అని నవ్వుతుంది. నాలుగేళ్ళప్పుడు ఎంత వివరించినా ఆ మార్పు రాదు. ఒంపి ఒంపి చూసుకున్నాకే వస్తుంది.

గిద్ద నుంచి మానిక దాకా

ఇలా ఒంపడానికి మన ఇళ్ళలో ఒకప్పుడు మంచి కొలపాత్రలు ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కిలోలు, లీటర్లు వచ్చాక ఈ పాత్రలు అటకెక్కాయి. అటకెక్కిన వాటిని దించితే రెట్టింపు, సగం, పావు అన్నవి పిల్ల చేతికి దొరుకుతాయి. సోలలో సగం అరసోల, దానికి రెండు గిద్దలు. భిన్నాలు అన్న మాట వినకుండానే పిల్ల భిన్నాలతో ఆడుకుంటుంది. పాత్రలు దొరకని ఇంట్లో ఒక పెద్ద గ్లాసు, దానికి సరిగ్గా సగం పట్టే చిన్న గ్లాసు చాలు.

అంకెల విషయంలో తెలుగు భాష పిల్లలకు ఒక సాయం చేస్తుంది. పదకొండు, పన్నెండు కాస్త రూపం మార్చుకున్నా, పదమూడు నుంచి లోపలి సంగతి బయటికే వినిపిస్తుంది: పది, మూడు. 'పంతొమ్మిది'లో ముందు పది, తర్వాత తొమ్మిది. 19 అని రాసేటప్పుడూ అదే వరస. ఇంగ్లిష్ 'నైన్‌టీన్'లో తొమ్మిది ముందు వినిపిస్తుంది, అందుకే చాలామంది పిల్లలు 91 రాసేస్తారు. హిందీలో నూరు దాకా దాదాపు ప్రతి అంకె పేరునూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఒకటి, ముప్పై ఆరు, డెబ్భై ఎనిమిది అని తెలుగులో లెక్కపెట్టే పిల్లకు పదుల స్థానం, ఒకట్ల స్థానం పలుకుతుండగానే తెలిసిపోతాయి. ఒకటి నుంచి నూరు దాకా ఇంగ్లిష్‌లోనే నేర్చుకుంటున్న పట్నం పిల్లలు చేతికందిన ఈ సౌకర్యాన్ని వదులుకుంటున్నారు.

లెక్కలకు తెలుగు ఇంటి ఆటలే పాఠాలు. అష్టాచెమ్మాలో ఐదు వరసల్లో ఐదేసి గళ్ళు. నాలుగు గవ్వలు వేస్తే, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. గవ్వలు లేకపోతే ఒక పక్క తెల్లగా అరగదీసిన చింతపిక్కలు. పడ్డ నాలుగింటినీ వేలు పెట్టి లెక్కపెట్టకుండా ఒక్క చూపులో 'మూడు' అనగలగడం ఐదేళ్ళ పిల్ల సాధించే పెద్ద విజయం. వైకుంఠపాళిలో పాములు, నిచ్చెనల కన్నా విలువైనవి గళ్ళలోని అంకెలు. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రామాణి 2008లో ప్రచురించిన ప్రయోగంలో పేద కుటుంబాల చిన్నపిల్లల చేత ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా ఉన్న పట్టీ మీద రెండు వారాల్లో నాలుగు విడతలు ఆడించారు. వాళ్ళ అంకెల పరిజ్ఞానం మెరుగుపడింది. రంగుల గళ్ళ పట్టీ మీద ఆడినవాళ్ళలో ఆ మార్పు లేదు. ఆ ఆటలో ఒక కిటుకు ఉంది. నాలుగో గడిలో ఉన్న కాయను రెండు గళ్ళు జరిపేటప్పుడు పిల్ల 'ఒకటి, రెండు' అనకూడదు, 'ఐదు, ఆరు' అనాలి. ఇంట్లో వైకుంఠపాళి ఆడేటప్పుడు ఈ ఒక్క అలవాటు చేయిస్తే ఆటే కూడిక అవుతుంది.

వామనగుంటలు కొంచెం పెద్ద ఆట, ఆరేళ్ళ వయసుకు సరిపోతుంది. పక్కకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి పిక్కలు పోస్తే మొత్తం డెబ్భై. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంటలోవి తీసుకుని మళ్ళీ పంచాలి. పక్కది ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవి మనవి. ఏ గుంటతో మొదలుపెడితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే కళ్ళతో లెక్కగట్టడం ఈ ఆట గుట్టు. నానమ్మలు పిక్కలు ముట్టుకోకుండానే ఈ లెక్క వేసేస్తారు. మనవరాలు వాళ్ళను ఓడించిన రోజు కూడికలు, తీసివేతల గురించి ఇక బెంగ అక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళకు పులి-మేక ఆట: మూడు పులులు, పదిహేను మేకలు. ఒక ఎత్తు ముందు ఆలోచించడం అందులో వస్తుంది.

ముగ్గును కూడా లెక్కల్లో చేర్చవచ్చు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క అంటే నడుమ ఏడు, పైకీ కిందికీ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ముప్పై ఏడు చుక్కలు. వాటిని లెక్కపెట్టడం సరే, ఎడమవైపు వేసిన మెలికనే కుడివైపు తిప్పి వేయడంలో సౌష్ఠవం ఉంది. ఆ పని మగపిల్లలకూ నేర్పవచ్చు.

చిన్న గింజలతో ఆడేచోట జాగ్రత్త తప్పదు. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతపిక్కలు, పూసలు ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో దూరతాయి. పాతకాలపు ఇళ్ళలో వామనగుంటలకు గురివింద గింజలు వాడేవారు. ఎర్రగా ముద్దొచ్చే ఆ గింజ లోపల విషం ఉంటుంది, నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో అవి ఉండకపోవడమే మంచిది.

అయిదక్షరాలతో చదవడం

తెలుగు చదవడం నేర్పేటప్పుడు అ నుంచి ఱ దాకా అన్నీ వరసగా వల్లెవేయించి, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు చెప్పి, అప్పుడు మాటల్లోకి రావడం పాత దారి. ఈ దారిలో మొదటి మాట చదవడానికే నెలలు గడుస్తాయి. పిల్లకు అన్నాళ్ళూ అక్షరాలంటే బొమ్మలే. ఇంకో దారి ఉంది. క, ల, త, డ, ప అనే ఐదక్షరాలు మాత్రం ముందు తీసుకుంటే తల, కల, లత, పలక, పడక, తడక, కలప, కడప అన్నీ చదివేయవచ్చు. ఒక్క వారంలో పిల్ల ఊరి పేరు చదివేసిందంటే, ముఖ్యంగా ఆ ఊరు కడపే అయితే, ఇక ఇంటిల్లిపాదికీ పండగే. దీర్ఘం, గుడి చేర్చగానే తాత, పాప, కాకి, లాలి, పిలక వస్తాయి. ఒక్కో అక్షరాన్నీ అట్టముక్క మీద రాసి పెడితే వాటిని అటూ ఇటూ జరుపుతూ మాటలు కట్టుకోవచ్చు. పెన్సిలు పట్టే బలం రాని చేతికి ఇది రాయడంతో సమానం.

ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే రోజు చెప్పకపోవడం మంచిది. ప వచ్చి స్థిరపడ్డాక కొన్నాళ్ళకు వ; మ తర్వాత చాలా రోజులకు య. వ వచ్చాక వల, వడ, కడవ, పడవ చేరతాయి. అప్పుడు ప, వ పక్కపక్కన పెట్టి తేడా పిల్లనే కనిపెట్టమనవచ్చు. తెలుగు రాత దాదాపుగా పలికినట్టే ఉంటుంది కాబట్టి ఒకసారి గుట్టు తెలిశాక ఎన్నడూ చూడని మాటనైనా పిల్ల చదవగలుగుతుంది. ఇంగ్లిష్‌లో ఆ సుఖం లేదు. అయితే గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు కలిసి నేర్వాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. రెండో తరగతి వయసు పిల్ల ఒత్తుల దగ్గర తడబడితే అది వెనకబాటు కాదు, లిపి బరువు.

అక్షరాలు రాకముందే కథల పుస్తకం మొదలవ్వాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివేటప్పుడు మొత్తం గడగడా చదివేయకుండా ఆగి, 'ఈ కుక్క ఎందుకు దాక్కుంది?', 'నువ్వయితే ఏం చేసేదానివి?' అని అడుగుతూ, పిల్ల చెప్పిన మాటకు ఇంకో మాట కలుపుతూ పోవాలి. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ఇలా చదివే పద్ధతిని తల్లిదండ్రులకు నేర్పించి చూస్తే, నెల రోజుల్లోనే పిల్లల మాటతీరులో తేడా కనబడింది. అదే పుస్తకం ఇరవయ్యోసారి చదవమని పిల్ల తెస్తే విసుక్కోకూడదు. ఏ పేజీలో ఏం వస్తుందో ముందే తెలిసిన పిల్ల అక్షరం రాకపోయినా చదువుతున్నట్టు నటిస్తుంది, ఆ నటన నుంచే చదువు వస్తుంది.

తెలుగులో బొమ్మల పుస్తకాలు దొరకవన్న మాట ఇప్పుడు చెల్లదు. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవక. 'మంచి పుస్తకం' సంస్థ ప్రచురణలు పిల్లల వయసును బట్టి ఎంచుకోవడానికి వీలుగా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని అచ్చు తీసుకోవచ్చు. ఏడెనిమిదేళ్ళకు పాత చందమామలు. పెద్దవాళ్ళు తమ కోసం తెత్సుకో కురొయనాగి రాసిన 'తోత్తో-చాన్' తెలుగు అనువాదం 'రైలుబడి' చదువుకుంటే, రైలు పెట్టెల్లో నడిచిన జపాన్ బడి తమ ఇంటి చదువుకు ఎంత దగ్గరో తెలుస్తుంది.

పెరట్లో, కిటికీ దగ్గర

సైన్సుకు విడిగా పీరియడ్ అక్కర్లేదు. తడిగుడ్డలో కట్టిన పెసలు ఒకటి రెండు రోజుల్లో మొలకెత్తుతాయి; ఒక గుప్పెడు వెలుగులో, ఒక గుప్పెడు చీకటి అల్మరాలో పెడితే వారం తిరిగేసరికి ఒకటి పచ్చగా, ఒకటి పాలిపోయి పొడుగ్గా కనిపిస్తాయి. పసుపు నీళ్ళల్లో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్ళతో బొమ్మ వేస్తే ఎర్రగా తేలుతుంది, నిమ్మరసం పూస్తే మళ్ళీ పసుపు. హారతి నీళ్ళు ఎర్రగా ఎందుకుంటాయో పిల్లకు అప్పుడే చెప్పవచ్చు: పసుపులో సున్నం కలిసింది. గుమ్మం ముందు ఒక కర్ర పాతి గంటగంటకూ నీడ కొసన సుద్దముక్కతో గీత గీస్తే గడియారం అవుతుంది. తెలుగు రాష్ట్రాలు కర్కట రేఖకు దిగువన ఉన్నందువల్ల ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఆ కర్రకు నీడే ఉండదు. హైదరాబాదులో అది మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో వస్తుంది. ఇలాంటి ప్రతిచోటా జరగబోయేది ముందే చెప్పేయడం పెద్దవాళ్ళకున్న జబ్బు. 'ఏమవుతుందంటావ్?' అని అడిగి, పిల్ల చెప్పింది తప్పయినా రాసిపెట్టుకుని, చేసి చూడటమే ప్రయోగం.

రోజుకు ఎంతసేపు? కూర్చోబెట్టి చెప్పే చదువు నాలుగేళ్ళ పిల్లకు పావుగంట చొప్పున రెండు మూడు విడతలు చాలు, ఏడేళ్ళకు మొత్తం రెండు గంటలు దాటనక్కర్లేదు. ఒకే పిల్ల, ఒకే మనిషి కాబట్టి నలభై మంది తరగతిలో హాజరుకు, వరసలకు, ఎదురుచూపులకు పోయే సమయం ఇక్కడ పోదు. మిగతాదంతా ఆటే. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలించాలని, ఫోను, టీవీ తెర ముందు గంటకు మించి కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంటి చదువు చాలా ఇళ్ళలో గాడి తప్పేది ఇక్కడే. అమ్మ వంటలో ఉన్న అరగంటకు ఇచ్చిన ఫోను క్రమంగా ఉపాధ్యాయురాలి కుర్చీలో కూర్చుంటుంది.

తోటిపిల్లల సంగతి అందరూ అడిగే ప్రశ్నే, అడగాల్సిన ప్రశ్నే. దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ ఒక్కరే ఆడే ఆటలు కావు. ఓడిపోయి ఏడవడం, వంతు కోసం ఆగడం, అలిగి మళ్ళీ కలవడం అమ్మానాన్నల దగ్గర రావు, ఎందుకంటే వాళ్ళు కావాలనే ఓడిపోతారు. బడులు వదిలే వేళకు వీధిలోకో, పార్కుకో రోజూ వెళ్ళడం, రెండు మూడు కుటుంబాలు కలిసి వారానికి రెండు పూటలు పిల్లలను ఒకచోట ఆడించడం, గ్రంథాలయానికి, సంతకు, బంధువుల ఊళ్ళకు తిప్పడం పాఠాలంత ముఖ్యం. సంతలో బేరం వినడం, చిల్లర లెక్కచూడటం లెక్కల్లోకే వస్తాయి.

ఆరోగ్యం విషయంలో ఒక లోటు ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్ళి పిల్లల చూపు, వినికిడి, ఎదుగుదల పరీక్షిస్తాయి. ఇంట్లో ఉన్న పిల్లకు ఈ పరీక్షలు అందవు. కంటి పరీక్ష, చెవి పరీక్ష ఏడాదికోసారి తల్లిదండ్రులే చేయించాలి. మాట ఆలస్యమైనా, ఏడెనిమిదేళ్ళు వచ్చాక అక్షరాలు ఎంతకీ నిలవకపోయినా 'వాడే నేర్చుకుంటాడులే' అని ఊరుకోకుండా జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలకు తీసుకెళ్ళాలి.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు లెక్క వేరు. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, కానీ నియమాలు ఒకేలా లేవు. టెక్సస్‌లో దాదాపు అడిగేవాళ్ళుండరు, న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. జర్మనీలో బడికి పంపకపోవడం చట్టవిరుద్ధం. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో మూడేళ్ళ దాకా తెలుగులో గలగలలాడిన పిల్ల బడి మొదలైన ఏడాదికే ఇంగ్లిష్‌లోకి జారిపోవడం మామూలు. ఇంటి చదువు ఎంచుకున్న కుటుంబాలకు ఆ జారుడును ఆపడానికి పగలంతా చేతిలో ఉంటుంది, వారాంతపు తెలుగు తరగతులు ఇవ్వలేని అవకాశం అది.

ఏ ఇంట్లోనైనా ఒక నోటుపుస్తకం ఉండాలి. రోజుకో వాక్యం చాలు: 'ఈ రోజు పిక్కలు పదేసి కుప్పలు పెట్టింది', 'క, త కలిసిపోతున్నాయి', 'కథ చివర మార్చి చెప్పింది'. తేదీ వేసి, పిల్ల గీసిన బొమ్మలు, కట్టిన మాటలు ఒక అట్టపెట్టెలో దాచాలి. నెలకోసారి వెనక్కి తిప్పితే ఏది కదిలింది, ఏది కదలలేదో తెలుస్తుంది, రేపటి వరస అందులోంచే వస్తుంది. చాలా కుటుంబాలు రెండో తరగతికో, ఐదుకో పిల్లలను బడిలో చేరుస్తాయి. అప్పటికి పిల్లకు చదవడం, లెక్క రావడం ఒక ఎత్తు, గంట కొట్టేదాకా కూర్చోవడం, బోర్డు చూసి వేగంగా రాసుకోవడం, మంచినీళ్ళకు అడిగి వెళ్ళడం ఇంకో ఎత్తు. అందుకే చేరడానికి రెండు మూడు నెలల ముందు నుంచి ఇంట్లో వీటిని ఆడి చూపిస్తారు. ఏ తరగతిలో కూర్చోబెట్టాలని ప్రధానోపాధ్యాయుడు అడిగినప్పుడు వయసు కాగితంతో పాటు బల్ల మీద పెట్టడానికి ఆ నోటుపుస్తకం, అట్టపెట్టె ఉంటాయి.